ఇరవై ఎనిమిదో ఎత్తు

"గండ్ల ఏమున్నదిరా అల్లుడూ, గా చైనా పిలగాడు దిమాక్ ఖరాబై మంత్రిని తీస్కపోయి తప్పు జాగల పెట్టిండు. మనోడు గెల్చిండు. గంతే."

ఎల్లారెడ్డిలో మా మేనమామ ఇంటి అరుగు మీద, 2024 ప్రపంచ చదరంగం పోటీ మీద వెలువడిన తీర్పు ఇది. గుకేష్ - డింగ్ లిరెన్ పోటీ గురించి మా మామ చదివింది పేపర్లో నాలుగు లైన్లే. కానీ ఇంజన్లు పక్కన పెట్టుకుని చూసినవాళ్ళు కూడా ఇంతకంటే ఎక్కువ ఏమీ అనలేదు. గుకేష్ గెలవలేదు, డింగ్ ఓడిపోయాడు అని. నాకు ఆ మాట అప్పట్నుంచీ ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. అందుకే ఆ పోటీలో పదకొండో ఆటని మొదట్నుంచీ చివరిదాకా మామ బోర్డు మీదే ఆడి చూపించాను. ఆ రోజు అరుగు మీద చెప్పిందే ఇక్కడ కాస్త పద్ధతిగా రాస్తున్నాను. వీలైతే మీరూ ఒక బోర్డు ముందేసుకుని చదవండి.

ముందు పేర్ల గొడవ తేల్చేద్దాం. బిషప్‌ని కొందరు శకటు అంటారు. మా కామారెడ్డిలో నేను నేర్చుకున్నది ఒంటె. ఇక్కడా అదే రాస్తాను. మూలల్లో ఉండేది ఏనుగు. గడుల పేర్లు మామూలే: తెల్లవాళ్ళ వైపు నుంచి చూస్తే ఎడమ నుంచి కుడికి ఎ నుంచి హెచ్ దాకా నిలువు వరసలు, కింద నుంచి పైకి 1 నుంచి 8 దాకా అడ్డ వరసలు.

సంగతి ఇదీ. సింగపూర్లోని సెంటోసాలో 2024 నవంబరు 25న పోటీ మొదలైంది. మొత్తం పద్నాలుగు ఆటలు. డింగ్ అప్పటికి ఛాంపియన్, 2023లో ఆస్తానాలో నెపోమ్నియాషిని ఓడించి ఆ పట్టం తెచ్చుకున్నాడు. గుకేష్‌కి 18 ఏళ్ళు. మొదటి ఆట డింగ్ గెలిచాడు. మూడో ఆట గుకేష్ గెలిచాడు (అక్కడ డింగ్ ఓడిపోయే పరిస్థితిలో ఉండగానే టైము అయిపోయింది. ఇది గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం). తర్వాత నాలుగు నుంచి పది దాకా ఏడు ఆటలూ డ్రా. స్కోరు 5-5. డిసెంబరు 8, ఆదివారం, పదకొండో ఆట. తెల్లపావులు గుకేష్‌వి.

అన్నట్టు, ఈ కుర్రాడు మనోడా వాళ్ళోడా అని డిసెంబరు రెండో వారంలో పెద్ద రగడే జరిగింది. పుట్టి పెరిగింది చెన్నైలో, తెలుగు కుటుంబం. ఇద్దరు ముఖ్యమంత్రులూ మా వాడంటే మా వాడన్నారు. నాకు ఆ తగవు మీద ఆసక్తి లేదు. తెలుగువాళ్ళ వాటా కావాలంటే ఇంకో చోట ఖచ్చితంగా ఉంది. గుకేష్‌కి తెరవెనుక సాయం చేసిన జట్టులో మన గుంటూరు పెంటల హరికృష్ణ ఉన్నాడు. 2001లో గ్రాండ్‌మాస్టరై, 2004లో ప్రపంచ జూనియర్ ఛాంపియనైన హరికృష్ణ. ఆ పేరు పోటీ అయ్యేదాకా బయటికి రాలేదు. అసలు విజయం మాదంటే మాదని కొట్టుకున్నవాళ్ళలో ఎంతమంది ఆ ఆటల్ని ఆడి చూశారో!

సరే, ఆటకొద్దాం.

గుకేష్ మొదట గుర్రాన్ని ఎఫ్3కి తెచ్చాడు, డింగ్ డి5. తర్వాత తెల్ల బంటు సి4, నల్ల బంటు డి4. ఈ ఆరంభానికి రేటి పేరుంది. రిచర్డ్ రేటి అనే ఆయన 1924లో న్యూయార్క్‌లో కాపాబ్లాంకాని ఓడించాడు. అప్పటికి ఎనిమిదేళ్ళుగా ఓటమి ఎరగని మనిషి కాపాబ్లాంకా. మధ్య గడులను బంట్లతో ఆక్రమించనక్కర్లేదు, దూరం నుంచి పావులతో ఒత్తిడి పెట్టినా చాలన్నది ఆ తరం వాళ్ళ వాదన. ఈ ఆట ఆ వాదనకి వందేళ్ళ తర్వాత వచ్చిన ఒక ఉదాహరణ అని నాకు అనిపిస్తుంది. ఎందుకో చివర్లో తెలుస్తుంది.

మూడో ఎత్తు బి4. ఇక్కడ మామ ఆపాడు. "రెండు గడులు ఎట్ల పోతదిరా బంటు?" మామ ఆడేది పాత పద్ధతి. బంటు మొదటిసారి కూడా ఒక్క గడే. కోట కట్టడం లేదు, దాని బదులు రాజు ఒక్కసారి గుర్రంలా దూకొచ్చు. సర్దిచెప్పి ముందుకెళ్ళాను. డింగ్ సి5, గుకేష్ ఇ3, డింగ్ గుర్రం ఎఫ్6, గుకేష్ ఎ3, డింగ్ ఒంటె జి4.

ఐదు ఎత్తులు. బోర్డు మీద ఒక్క పావు కూడా చావలేదు. కానీ డింగ్ గడియారంలో అప్పటికే అరగంటకి పైగా కరిగిపోయింది! గుకేష్ మాత్రం ఇంట్లో వండుకొచ్చింది వడ్డిస్తున్నట్టు టకటకా ఆడుతున్నాడు. ప్రిపరేషన్ అంటే అదే. గొప్ప ఎత్తు కనిపెట్టడం కాదు, నువ్వు రాత్రి ఆలోచించుకొచ్చినదాన్ని అవతలివాడు గడియారం తిరుగుతుండగా ఆలోచించేలా చేయడం.

గడియారం సంగతి చెప్పకుండా ఈ ఆట అర్థం కాదు. 1851లో లండన్‌లో మొదటి అంతర్జాతీయ పోటీ జరిగినప్పుడు గడియారాలు లేవు. కొందరు ఒక్కో ఎత్తుకీ అవతలివాడికి విసుగొచ్చేదాకా కూర్చునేవాళ్ళు. 1861లో ఆండర్సెన్ - కోలిష్ పోటీలో ఇసుక గడియారాలు పెట్టారు. 1883 లండన్ పోటీలో జంట గడియారం వచ్చింది. అప్పట్నుంచీ చదరంగంలో ప్రతి పక్షానికీ పదిహేడో పావు ఒకటుంది, అదే టైము. 1988లో బాబీ ఫిషర్ ఒక కొత్తరకం గడియారానికి పేటెంటు పెట్టుకున్నాడు. ప్రతి ఎత్తుకీ కొన్ని సెకన్లు కలుస్తూ ఉంటాయి, ఎవరూ కేవలం చెయ్యి కదపడానికి టైము లేక ఓడిపోకూడదని. 1992లో స్పాస్కీతో ఆడినప్పుడు అదే వాడారు. ఇవాళ చిన్నపిల్లల పోటీల్లో కూడా అది మామూలు. కానీ 2024 సింగపూర్ పోటీ నిబంధన వేరు. మొదటి 40 ఎత్తులకి ఒక్కొక్కరికి 120 నిమిషాలు, సెకన్లు కలవవు. నలభై దాటాకే ఇంకో 30 నిమిషాలు, ఎత్తుకి 30 సెకన్లు. అంటే నలభయ్యో ఎత్తుదాకా ఖర్చుపెట్టిన ప్రతి నిమిషం పోయినట్టే, తిరిగి రాదు.

"మా ఆటల గడియారం లేదు" అన్నాడు మామ. నిజమే. కానీ మామకి సాయంత్రం బర్రెలకి గడ్డి వేసే టైము ఉంటుంది. అది దగ్గరపడ్డాక ఆయన ఆడే ఆట నేను చూశాను :)

మళ్ళీ బోర్డు దగ్గరికి. ఆరో ఎత్తులో ఇ బంటు డి4ని కొట్టింది, నల్ల సి బంటు తిరిగి కొట్టింది. తెల్ల హెచ్3, డింగ్ ఒంటెతో ఎఫ్3 గుర్రాన్ని కొట్టాడు, గుకేష్ మంత్రితో తీసుకున్నాడు. మంత్రి సి7, డి3, ఎ5, బి5, గుర్రం బి-డి7. ఇక్కడ తమాషా జరిగింది. అప్పటిదాకా పరిగెత్తిన గుకేష్ పదకొండో ఎత్తుకి దాదాపు గంట కూర్చున్నాడు. గంట ఆలోచించి జి బంటుని ఒక్క గడి జరిపాడు. తెచ్చుకున్న టైము లాభం అంతా అక్కడే పోయింది. ఇది దాచకూడదు. అంతా గుకేష్ ప్లాన్ ప్రకారమే జరిగిందని చెప్తే అది భక్తి అవుతుంది కానీ చరిత్ర అవదు.

గుర్రం సి5, ఒంటె జి2. ఎఫ్6 గుర్రం డి7కి, తెల్లరాజు కోట. గుర్రం ఇ5, మంత్రి ఎఫ్4. ఏనుగు డి8, ఏనుగు డి1. జి6, ఎ4. హెచ్5. ఇప్పుడు పదిహేడో ఎత్తు: బి6!

ఈ బంటు మీద వేలు పెట్టి ఆగమన్నాను మామని. నల్ల మంత్రి మీదికే వెళ్ళింది బంటు. మంత్రి డి6కి తప్పుకుంది. తర్వాత ఒంటె ఎ3, నల్ల ఒంటె హెచ్6. తెల్ల ఒంటె సి5 గుర్రాన్ని కొట్టింది, మంత్రి ఒంటెని కొట్టింది. తెల్ల మంత్రి ఇ4, నల్ల గుర్రం సి6కి వెనక్కి. తెల్ల గుర్రం ఎ3, నల్ల ఏనుగు డి7. తెల్ల గుర్రం సి2, నల్ల మంత్రి ఆ బి6 బంటుని తినేసింది. వెంటనే ఎ1 ఏనుగు బి1కి. మంత్రి సి7. ఏనుగు బి5.

ఒక బంటు లాభం డింగ్‌కి. కానీ ఆ బంటు చనిపోవడంతో బి వరసలో తెల్లవాళ్ళకి రోడ్డు పడింది. ఆ రోడ్డు చివర బి7లో ఒక నల్ల బంటు. ఇక అక్కడినుంచి నల్లపావుల పని ఒక్కటే, ఆ బంటుకి కాపలా. ఆ బంటు తినడం తప్పని నేను అనను. ఇది అప్పు చేసి భూమి కొన్నట్టు. భూమి నిజంగానే వచ్చింది. కాకపోతే ప్రతి పంటకీ మిత్తి కట్టాలి. డింగ్ కోట కట్టుకున్నాడు, ఏనుగుని బి8కి తెచ్చాడు, ఇ6 ఆడాడు, రెండో ఏనుగుని ఇ7కి జరిపాడు. ప్రతి ఎత్తులోనూ మిత్తి ఉంది. మిత్తి కట్టడానికి కావలసిన డబ్బు నిమిషాలు. అవి తరిగిపోతున్నాయి.

ఈలోగా తెల్ల గుర్రం చేసిన ప్రయాణం చూడండి. బి1 నుంచి ఎ3, ఎ3 నుంచి సి2, సి2 నుంచి ఎ1, ఎ1 నుంచి బి3, బి3 నుంచి సి5. ఎ1 అంటే బోర్డు మూల! గుర్రాన్ని మూలకి పంపకూడదని చిన్నప్పుడు మనకి నేర్పుతారు. మామ కూడా "ఇగో, మనోడు గిట్ల పిచ్చోడే" అన్నాడు. కానీ సి5కి రావాలంటే ఆ దారే ఉంది. బాన్సువాడ పోయేవాడు నిజాంసాగర్ చుట్టూ తిరిగి పోయినట్టు. ఇరవై ఏడో ఎత్తుకి గుర్రం సి5లో దిగింది. ఇరవై ఎనిమిదో ఎత్తుకి రెండో ఏనుగు డి1 నుంచి బి1కి వచ్చింది.

ఇక్కడ బోర్డుని ఒక నిమిషం చూశాం ఇద్దరం. తెల్లవాళ్ళ ఏనుగులు రెండూ బి వరసలో ఒకదాని వెనక ఒకటి. గుర్రం సి5 నుంచి బి7ని చూస్తోంది. మంత్రి ఇ4లో, ఒంటె జి2లో, రెండూ ఏటవాలుగా సి6 గుర్రం వైపు, దాని వెనకున్న బి7 వైపు చూస్తున్నాయి. ఐదింటికి ఐదు పావులూ ఒకే మూల మీదికి! దూరం నుంచి ఒత్తిడి అని రేటి తరం అన్నది ఇదే. నల్ల ఒంటె మాత్రం హెచ్6లో కూర్చుని ఎటో చూస్తోంది. తెల్లవాళ్ళు ఇప్పుడు ఏనుగుతో బి7ని కొడితే, మార్పిళ్ళన్నీ అయ్యాక సి6 గుర్రం దిక్కులేకుండా పోతుంది. మామ సీసా మూతని (నల్ల ఏనుగు ఒకటి ఎప్పుడో పోయింది, దాని బదులు మూతే) వేలితో తడుతూ చాలాసేపు ఏమీ అనలేదు.

డింగ్ ఆడింది మంత్రి సి8. చూడ్డానికి చాలా సహజమైన ఎత్తు. మంత్రి బి7ని ఇంకా కాస్తూనే ఉంది, ఏడో వరస ఖాళీ అయింది. జవాబుగా గుకేష్ తన మంత్రితో సి6 గుర్రాన్ని కొట్టేశాడు. డింగ్ ఓటమి ఒప్పుకున్నాడు.

ఎందుకో చూద్దాం. బి7 బంటుతో మంత్రిని కొడితే బి వరస తెరుచుకుంటుంది, ఏనుగు బి8ని కొడుతుంది. ఇప్పుడు నల్ల మంత్రి సి8లో, దాని రాజు జి8లో, ఇద్దరూ ఒకే వరసలో, మధ్యలో ఎవరూ లేరు. మంత్రి కదలడానికి వీల్లేదు, కదిలితే రాజు ఏనుగు నోట్లో పడతాడు. ఏనుగుని కొట్టడం తప్ప దారి లేదు, కొడితే రెండో ఏనుగు వచ్చి మంత్రిని తింటుంది. లెక్క చూస్తే నల్లవాళ్ళకి ఒక గుర్రం నష్టం. అలా కాక మొదట్లోనే మంత్రితో మంత్రిని కొడితే జి2 ఒంటె తిరిగి కొడుతుంది, అప్పుడూ అదే నష్టం.

ఇప్పుడు అసలు ముక్క. నల్ల మంత్రి సి7లోనే ఉండి ఉంటే ఇదే దెబ్బ పనిచేయదు. బంటు మంత్రిని కొట్టాక ఏనుగు బి8ని కొడితే అది రాజుకి షా అవుతుంది, రాజు జి7కి తప్పుకుంటాడు, నల్ల మంత్రి బతికిపోతుంది. తెల్లవాళ్ళ మంత్రికి బదులుగా ఒక ఏనుగు, ఒక గుర్రం. అంటే ఒక్క గడి తేడా. సి7లో మంత్రి బోర్డులో అన్నిటికంటే బలమైన పావు, సి8లో అదే మంత్రి రాజుకీ ఏనుగుకీ మధ్య ఇరుక్కున్న బందీ. "మా ఆటల అయితె రాజు గుర్రం లెక్క దుంకుతుండె" అన్నాడు మామ ఆశగా. దూకించి చూశాం. రాజు దూకినా మంత్రి పోతుంది :)

ఇరవై ఎనిమిదో ఎత్తు పక్కన ఇంజన్ రెండు ప్రశ్నార్థకాలు పెడుతుంది. నిజమే, తప్పే. కానీ మా వృత్తిలో అందరికీ తెలిసిన విషయం ఒకటుంది. ప్రోగ్రాం ఏ లైన్లో పడిపోయిందో ఆ లైన్లోనే బగ్ ఉండాలని లేదు. చాలాసార్లు ఉండదు. ఎక్కడో వందల లైన్ల ముందు ఒక విలువ ఖాళీగా వదిలేసి ఉంటారు, ఇక్కడ దాన్ని ముట్టుకున్నవాడు దొరికిపోతాడు. డింగ్ ఆట పడిపోయింది ఇరవై ఎనిమిదిలో. దాని మూలాలు మొదటి ఐదు ఎత్తుల్లో ఖర్చైన నిమిషాల్లో, పదిహేడులో వచ్చిన బంటులో, ఇరవై రెండులో దాన్ని తిన్నప్పుడు ఒప్పుకున్న కాపలాలో ఉన్నాయి.

ఇది నేను ఊరికే అనడం లేదు. కొన్నేళ్ళ కిందట ఒక అర్ధరాత్రి మా సర్వీస్ పడిపోతే, ఆఖరున కోడ్ మార్చిన జూనియర్ కుర్రాడి పేరు మీటింగులో చెప్పింది నేనే. ఆ కుర్రాడు ఏమీ మాట్లాడలేదు. రెండు రోజుల తర్వాత తవ్వితే తేలింది, మూడు వారాల ముందు డెడ్‌లైన్ తొందరలో ఒక చెక్ తీసేసింది కూడా నేనే. ఆ కుర్రాడు చేసింది చిన్న పొరపాటే. దాన్ని పెద్ద ప్రమాదం చేసింది నా పని. క్షమాపణ మెయిల్లో చెప్పాను, మీటింగులో చెప్పలేదు. అది ఇప్పటికీ సరిగ్గా లేదు.

చదరంగం చరిత్రలో ఈ ఆఖరి లైన్ తీర్పులు బోలెడు. 1892లో హవానాలో స్టైనిట్జ్‌తో ఇరవై మూడో ఆట, ఒక పావు లాభంలో ఉన్న చిగోరిన్ కాపలా ఉన్న ఒంటెని తీసేసి రెండు ఎత్తుల్లో వచ్చే మాట్‌లో పడ్డాడు. వారాల తరబడి సాగిన పోటీలో అందరికీ గుర్తున్నది ఆ ఒక్క ఒంటె. 2014లో సోచిలో ఆరో ఆట, కార్ల్‌సన్ రాజుని తప్పు గడిలో పెట్టాడు, ఆనంద్ అది చూడకుండా బంటు జరిపాడు, ఆట కార్ల్‌సన్‌దే అయింది. గుకేష్ గెలిచాక ఆఖరి ఆటని అందరికంటే ఘాటుగా తీసిపారేసింది మాజీ ఛాంపియన్ క్రామ్నిక్. ఆయనే 2006 నవంబరులో బాన్‌లో, తాను ఛాంపియన్‌గా ఉండగా, డీప్ ఫ్రిట్జ్ అనే కంప్యూటర్ మీద ఒకే ఎత్తులో వచ్చే మాట్‌ని చూడలేదు. అప్పుడు ఆయన మీద టైము ఒత్తిడి కూడా లేదు. ఇది ఎగతాళి కోసం చెప్పడం లేదు. క్రామ్నిక్ లాంటి మేధావికే జరిగిందంటే, "ఛాంపియన్‌కి ఇలా జరగకూడదు" అనే వాక్యానికి అర్థం లేదని చెప్పడానికి.

నా వాదనకి ఎదురు నిలిచేవి కూడా ఉన్నాయి. పదకొండో ఆట ఓడిన మర్నాడే డింగ్ పన్నెండో ఆట అద్భుతంగా గెలిచి స్కోరు 6-6 చేశాడు. ఒత్తిడికి చితికిపోయిన మనిషి అలా ఆడడు కదా? ఇక డిసెంబరు 12న పద్నాలుగో ఆట. డ్రా అయ్యే పరిస్థితి. డింగ్ తెల్ల ఏనుగుని ఎఫ్2కి తెచ్చి మార్పిడికి పెట్టాడు. ఏనుగులు పోయాక గుకేష్ ఒంటెని డి5లో పెట్టాడు. మూలలో ఎ8లో ఉన్న తెల్ల ఒంటెకి తప్పుకునే చోటు లేదు, అదీ మార్పిడి అయిపోయింది. మిగిలినవి రాజులు, బంట్లు, గుకేష్‌కి ఒక బంటు ఎక్కువ. 7.5 - 6.5. అక్కడ నలభై ఎత్తులు దాటాయి, సెకన్లు కలుస్తున్నాయి. కాబట్టి గడియారం మీద తోసేయలేం. అది పదకొండో ఆటకంటే పెద్ద తప్పు, ఒప్పుకుంటాను. కానీ ఆ తప్పు జరగడానికి అవతల ఒకడు డ్రాకి ఒప్పుకోకుండా గంటల తరబడి ఒక బంటు లాభాన్ని పట్టుకుని కూర్చోవాలి. దాన్ని కూడా ఆట అనే అంటారు. 1985లో 22 ఏళ్ళకి కాస్పరోవ్ పెట్టిన రికార్డు 18 ఏళ్ళవాడి చేతిలో పోయింది ఆ కూర్చోవడం వల్లే.

ఇదంతా చెప్పాక కూడా మామ ఒప్పుకోలేదు. "ఎన్ని జెప్పినా మంత్రిని పెట్టింది ఆయనే కదరా" అన్నాడు. అదీ నిజమే. తప్పు చేసినవాడి చెయ్యి తప్పు చేసినవాడిదే. నేను అంటున్నది ఆ చెయ్యి దాకా వచ్చిన దారి కూడా చూడమని.

చీకటి పడుతోంది. కామారెడ్డి బస్సుకి టైమైంది, లేవబోతుంటే మామ ఆపాడు. పావుల్ని మళ్ళీ వెనక్కి పెట్టమన్నాడు. ఇరవై ఎనిమిదికి కాదు, ఇరవై రెండుకి. నల్ల మంత్రి బి6 బంటుని తినకముందుకి.

"తినకుంటె ఏమైతుండె?" అని అడిగాడు.

బస్సు పోయింది. రాత్రి అక్కడే ఉండిపోయాను.